ఎండ సోకని గోధుమవన్నె

మన పట్టణములలో ఏ మందుల దుకాణమునకు పోయి చూచినను, చర్మమును తెల్లగా మార్చెదమని చాటుకొను లేపనములు వరుసలు తీరి కనిపించును. లండనులోనో సిడ్నీలోనో అట్టి దుకాణమునకే పోయి చూచినచో, తెల్లని చర్మమును గోధుమవన్నెకు మార్చెదమని చాటుకొను సీసాలు అంతే వరుసగా కనిపించును. ఇచట తెలుపు కొరకును, అచట నలుపు కొరకును మనుష్యులు కష్టార్జితమును వెచ్చించుచున్నారు. తనకు లేనిదే అందమని తలచుట మానవ స్వభావము కాబోలు. మన దేశమున 1975లో వెలువడిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' అను లేపనము 2020లో తన పేరులోని మొదటి మాటను విడిచి 'గ్లో అండ్ లవ్లీ' అయినది. పేరు మారినది గాని కొనువారి కోరిక మారినట్లు మాకు తోచదు.

ఈ వ్యాసమున మేము వివరింపదలచినది రెండవ రకపు సీసాలను గూర్చి. వీనిని 'సెల్ఫ్ టానర్' లందురు. ఎండలో పరుండకయే ఎండకు కమిలిన ఛాయను కలిగించునవి గనుక 'సన్‌లెస్ టానింగ్' లేపనములనియు పేరు కలదు. పుట్టుకతోనే చామనఛాయ గల మనకు వీనితో పని యేమని చదువరులు అడుగవచ్చును. పని కలదు. ఇవి పనిచేయు తీరు మన గోరింటాకు పండు తీరునకు దగ్గరి చుట్టము. రసాయనశాస్త్ర విద్యార్థులమైన మాకు ఇంతకంటె చేరువలో నున్న ప్రయోగశాల కనబడలేదు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. బొల్లి మచ్చలు గలవారికి ఈ సీసాలోని పదార్థము ఒక ఉపకారము చేయగలదు. మండు వేసవియందును పూర్తిచేతుల చొక్కా విడువనివారు, తరగతి ఛాయాచిత్రమనగానే వెనుక వరుసకు తప్పుకొనువారు ప్రతి కళాశాలయందును ఒకరిద్దరుందురు. వారు మనలోనివారే గనుక ఈ విషయము తెలిసికొనుట మనకు అవసరమే.

పాశ్చాత్యులకు ఈ గోధుమవన్నె మీద మోజు పుట్టి ఇంచుమించు నూరేండ్లు మాత్రమే అయినది. అంతకు పూర్వము అచటి కులీన స్త్రీలు గొడుగులును చేతితొడుగులును ధరించి ఎండను తప్పించుకొనెడివారు. కమిలిన ముఖము పొలములో పనిచేయువారి గుర్తు. యంత్రాగారములు వెలసి, కూలివారు పొలములను విడిచి పొగచూరిన పట్టణములలో నీడపట్టున పనిచేయ నారంభించిన పిదప లెక్క తలక్రిందులయ్యెను. పాలిపోయిన ముఖము పేదరికమునకును, సముద్రతీరమున విహరించి వచ్చిన వన్నె తీరికకును సంపదకును గుర్తులయ్యెను. వైద్యశాస్త్రమును దీనికి తోడైనది. చర్మక్షయకు కాంతిచికిత్స కనుగొన్న డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమానము లభించెను. పిల్లల ఎముకలు వంగిపోవు రికెట్సు వ్యాధికి సూర్యరశ్మి మందని ఆ తరువాత తేలినది. ఇక ఎండలో గంటల కొలది పరుండుట ఆరోగ్యమునకును నాగరికతకును లక్షణమైపోయినది.

దానికి చెల్లించిన మూల్యము పెద్దది. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములలోని డి.ఎన్.ఏ.ను గాయపరచును. చర్మము నల్లబడుట ఆ గాయమునకు శరీరము చేసికొను ప్రతిక్రియయే గాని అలంకారము కాదు. తెల్లజాతివారు అధికముగా నివసించుచు తీక్ష్ణమైన ఎండ కాయు ఆస్ట్రేలియా, చర్మపు క్యాన్సరులో ప్రపంచపు ముందు వరుసన నిలిచినది. చొక్కా తొడుగుడు, లేపనము పూయుడు, టోపీ పెట్టుడు అని అచట 1981లో గొప్ప ప్రచారము మొదలైనది. ఎండ చాలని దేశములలో దీపముల పెట్టెలో పరుండి నల్లబడు 'టానింగ్ బెడ్'లు వెలసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2009లో వీనిని క్యాన్సరు కలిగించు పదార్థముల ప్రథమ వర్గమున, పొగాకు సరసన, చేర్చినది. ఆ యేడే బ్రెజిలు దేశము వీనిని పూర్తిగా నిషేధించెను. ఆస్ట్రేలియా రాష్ట్రములును 2016 నాటికి ఆ వ్యాపారమును మూయించినవి. వన్నె కావలెను, ఎండ వలదు అనువారికి మిగిలిన దారి సీసాలోని వన్నె.

ఆ సీసా పుట్టిన కథ విచిత్రమైనది. 1950 దశకమున అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున ఈవా విట్గెన్‌స్టైన్ అను పరిశోధకురాలు, గ్లైకోజెన్ నిలువలకు సంబంధించిన జన్మవ్యాధి గల పిల్లలకు డైహైడ్రాక్సీ అసిటోన్ అను చక్కెరను నోటి ద్వారా ఇచ్చి పరీక్షించుచుండెను. పిల్లలు త్రాగునపుడు కొంత ఒలికి, చర్మము మీద పడిన చోటనెల్ల కొన్ని గంటలకు గోధుమరంగు మచ్చ తేలుచుండెను. బట్టల మీద పడిన చోట మాత్రము ఆ రంగు లేదు. మరొకరైనచో పిల్లల ముఖము తుడిచి తమ పని తాము చూచుకొందురు. ఆమె ఆ ద్రావణమును తన చర్మము మీదనే పూసికొని చూచి, రంగు నిజమేనని నిర్ధారించుకొనెను. 1960లో ఈ పరిశోధన 'సైన్స్' పత్రికయందు వెలువడినది. ఆ యేడే కాపర్‌టోన్ సంస్థ 'క్యూ.టి.' అను లేపనమును అంగడికి తెచ్చినది. ఆనాటి లేపనములు నారింజపండు రంగును చారలు చారలుగా మిగిల్చి కొన్నవారిని నవ్వులపాలు చేసినవని ప్రసిద్ధి. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ 1973లో ఈ పదార్థమును చర్మమునకు పైపూతగా వాడు రంగుగా అంగీకరించినది. నేటికిని అచటి సీసాలలో ప్రధాన ద్రవ్యము ఇదియే. పేరు పొడవైనది గనుక ఇకమీదట దీనిని డి.హెచ్.ఏ. అని పిలుతుము.

డి.హెచ్.ఏ. మూడు కర్బన పరమాణువులు మాత్రమే గల మిక్కిలి చిన్న చక్కెర. గ్లిసరిన్‌ను గ్లూకోనోబ్యాక్టరు అను సూక్ష్మజీవిచేత పులియబెట్టించి దీనిని తయారుచేయుదురు. ఇది రంగు కాదు, రంగును కలిగించునది. ఈ భేదమును గ్రహించినచో తక్కినదంతయు సులభముగా బోధపడును. చర్మము మీది కట్టకడపటి పొర మృతకణములతో నిర్మితమైనది. కెరటిన్ అను మాంసకృత్తుతో నిండి, గోడకు వేసిన సున్నమువలె లోపలి జీవకణములను కప్పియుండును. డి.హెచ్.ఏ. ఆ పొరలో చేరి, కెరటిన్ నందలి అమైనో సమూహములతో కలియును. అటుపిమ్మట మెట్టుమెట్టుగా పెక్కు మార్పులు జరిగి, మెలనోయిడిన్లు అను గోధుమరంగు పదార్థము లేర్పడును. చక్కెరకును మాంసకృత్తుకును జరుగు ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మయార్ వర్ణించెను. పెనము మీద దోసె ఎఱ్ఱబడుటకును, పొయ్యిలో రొట్టె పైపెచ్చు కమ్మని వాసనతో గోధుమవన్నె తేలుటకును మూలము ఈ మయార్ చర్యయే. పెనము వేడి మీద నిమిషములలో జరుగు పని, శరీరపు వెచ్చదనములో గంటలు పట్టును. సెల్ఫ్ టానరు పూసికొన్నవారి నుండి మొదటి రాత్రి వెలువడు ఒక విధమైన వాసనకు కారణమును ఈ చర్యయే. సుగంధములు ఎన్ని కలిపినను తయారీదారులు దానిని పూర్తిగా కప్పలేకపోవుచున్నారు.

మెలనోయిడిన్, మెలనిన్ అను పేర్ల పోలిక చూచి మోసపోరాదు. మెలనిన్ మన చర్మపు జీవకణములు తయారుచేయు సహజమైన రంగు. అది కిరణములను అడ్డగించి లోపలి కణములను కాపాడును. మెలనోయిడిన్ మృతకణముల పొరలో తేలిన పైపై రంగు. దాని రక్షణశక్తి అత్యల్పము. గోధుమవన్నె వచ్చినది గదాయని ఎండలో తిరుగువారు మామూలుగా కమిలిపోవుదురు. అందుచేతనే ఎండ నుండి కాపాడు ద్రవ్యము కలియని సీసాల మీద 'ఇది ఎండదెబ్బ నుండి కాపాడదు' అను హెచ్చరికను అచ్చువేయవలెనని అమెరికాలో నియమము కలదు. పైగా పూసిన మొదటి దినమున తీక్ష్ణమైన ఎండ తగిలినచో చర్మమునకు హాని హెచ్చునని ప్రయోగములు సూచించుచున్నవి. కావున పూసిన దినమున నీడపట్టున నుండుటయే మేలు.

ఇక మన గోరింటాకును చూతము. ఆషాఢమున గోరింటాకు నూరని తెలుగు ఇల్లును, చాంద్ రాత్ నాడు మెహందీ పెట్టుకొనని ముస్లిము ఇల్లును అరుదు. గోరింట ఆకులో నూటికి ఇంచుమించు ఒక వంతు లాసోను అను పదార్థము కలదు. అదియు డి.హెచ్.ఏ. వలెనే కెరటిన్‌తో రసాయనముగా ముడిపడి రంగు తేలును. కలియు తీరు మాత్రము వేరు. ఇచట మయార్ చర్య లేదు, లాసోను తానే పోయి కెరటిన్‌కు అతుకుకొనును. నూరునపుడు చింతపండో నిమ్మరసమో కలుపు మన పెద్దల అలవాటు వ్యర్థమైనది కాదు. ఆకులో బంధితమై యున్న లాసోను విడివడుటకు పులుపు తోడ్పడును. అరచేయి పండినట్లు ముంజేయి పండకపోవుటకు కారణము, అరచేతి మృతకణముల పొర మిక్కిలి దళసరిగా నుండుటయే. పెండ్లికూతురి చేయి ఎఱ్ఱగా పండినచో అత్తవారింట ఆదరము హెచ్చునను నమ్మికను రసాయనశాస్త్రము సమర్థింపజాలదు గాని, పొర దళసరియైన కొలది రంగు చిక్కనగునను సూత్రము గోరింటకును డి.హెచ్.ఏ.కును సమానము. ఇంకొక విశేషము. వెలుతురు సోకినంతనే చర్మము పొక్కు వ్యాధి గలవారికి ఈ రెండు పదార్థములను కలిపి పూసి కొంత రక్షణ కల్పించుటకు అమెరికాలో 1960 దశకమున వైద్యులు యత్నించిరి. మన పెరటి చెట్టు ఆకులోని పదార్థము ఆ విధముగా సిన్సినాటి సీసాతో చేయి కలిపినది.

ఒక హెచ్చరిక ఇచటనే చెప్పుట మంచిది. పండుగలలోను, సంతలలోను గంటసేపటిలో నల్లగా పండునని చెప్పి పెట్టు 'కాలీ మెహందీ' గోరింట కాదు. గోరింట ఎన్నడును బొగ్గువలె నల్లగా పండదు. అందులో కలుపునది తలవెండ్రుకల రంగులో వాడు పారాఫినిలీన్ డయామిన్. అది కొందరికి చర్మమును బొబ్బలెక్కించును. ఒక్క పర్యాయము అట్టి అసహనము పుట్టినచో జీవితాంతము వదలదు. నడివయస్సున తలకు రంగు వేసికొన్ననాడు ముఖమంతయు వాచును. శుద్ధమైన గోరింటయు పసిబిడ్డలకు పెట్టరాదు. జి-6-పి.డి. అను ఎంజైము లోపించిన శిశువుల రక్తకణములు దానివలన పగిలి ప్రాణాపాయము కలిగిన సందర్భములు వైద్య గ్రంథములలో కలవు.

సెల్ఫ్ టానర్లను ఎన్నుకొను పద్ధతి యేమి? లేపనము, జెల్లీ, నురుగు, తుంపర, తడిగుడ్డ అను పెక్కు రూపములలో అవి లభించును. రూపము కంటె ముఖ్యమైనది డి.హెచ్.ఏ. పాలు. లేత వన్నెకు నూటికి 3 మొదలు 5 పాళ్లు చాలును. ముదురు వన్నెకు ఇంకను ఎక్కువ ఉండును. ఐరోపా దేశములలో నూటికి 10 పాళ్లకు మించరాదని నియమము కలదు. మొదటిసారి పూయువారు దినదినము కొంచెముగా వన్నె తెచ్చు పలుచని లేపనముతో ఆరంభించుట క్షేమము. చార పడినను అది కంటికి కొట్టవచ్చినట్లుండదు. కొన్ని సీసాలలో ఎరిత్రులోజు అను నాలుగు కర్బనముల చక్కెరను కూడ కలుపుదురు. అది నెమ్మదిగా పనిచేసి, ఒకటి రెండు దినములకు కొంచెము ఎఱ్ఱదనము తెచ్చి, వన్నెను సమముగా వెలియజేయును. పూసిన వెంటనే కనిపించు తాత్కాలికపు రంగు కలిపిన లేపనములలో ఒక సదుపాయము కలదు. ఎచట పూసితిమో ఎచట విడిచితిమో అపుడే తెలియును. ఆ రంగు నీటికి పోవును, అడుగున డి.హెచ్.ఏ. వన్నె నిలుచును. నీటితో పూర్తిగా పోవు 'బ్రాంజరు' లును ఇదే వరుసన అమ్ముడుపోవును గనుక చీటీ చదివి కొనవలెను. చీటీ మీది తేదీయు చూడవలెను. డి.హెచ్.ఏ. వేడికి చెడిపోవును, మన వేసవిలో కిటికీ ప్రక్కన ఉంచిన సీసా త్వరలోనే పనికిమాలినదగును.

మ్రింగు మాత్రలను, సూదిమందులను మాత్రము తాకరాదు. క్యాంథాజాంథిన్ అను రంగు గల మాత్రలు చర్మమునకు నారింజవన్నె తెచ్చుట నిజమే గాని, ఆ రంగు కంటిలోని రెటీనా మీద స్ఫటికములుగా పేరుకొనును. మెలనోటాన్ అను పేర రహస్యముగా అమ్ము సూదిమందునకు ఏ ప్రభుత్వమును సౌందర్యసాధనముగా అనుమతి నీయలేదు. టైరోసిన్ కలిపి వన్నెను త్వరపెట్టెదమని చెప్పు లేపనముల వాదమునకు బలమైన ఆధారము లేదు. తుంపరగా చల్లు కొట్టులకు పోవువారు కన్నులకును ముక్కునకును కాపుదల అడిగి తీసికొనవలెను; అమెరికా శాఖ అంగీకరించినది పైపూతనే గాని ఊపిరితో పీల్చుటను కాదు. కన్నుల చుట్టును, పెదవులకును, ముక్కులోపలను డి.హెచ్.ఏ. తగులరాదు.

పూయుటలో నేర్పంతయు పూయుటకు ముందే కలదని మా అభిప్రాయము. మొదట మోచేతి మడతలో చిన్న బిళ్ళయంత పూసి ఒక దినము వేచి, దురదయో ఎఱ్ఱదనమో వచ్చునేమో పరీక్షించవలెను. ఈ పరీక్షవలన తేలబోవు ఛాయ కూడ తెలియును. పిదప గరుకుబట్టతో మృదువుగా రుద్ది స్నానము చేసి ఎండిపోయిన పొట్టును తొలగించవలెను. పొట్టు మిగిలిన చోట వన్నె ముదిరి మచ్చపడును. వెండ్రుకలు తీయువారు ముందు దినముననే తీసికొనవలెను. ఒడలు పూర్తిగా తడియారిన తరువాత మోచేతులకును, మోకాళ్లకును, చీలమండలకును సాదా కోల్డు క్రీము పలుచగా రాయవలెను. అచటి పొర దళసరిది; క్రీము అడ్డుపడనిచో గోరింట అరచేతిలో పండినట్లు అచట పండును. ఆ పిమ్మట లేపనమును ఒక్కొక్క అవయవమునకు కొంచెము కొంచెముగా, గుండ్రముగా త్రిప్పుచు పూయవలెను. వెంట్రుకల అంచున, చెవుల వెనుక, మణికట్టు వద్ద పలుచన చేయవలెను. పని ముగిసినంతనే అరచేతులను, వ్రేళ్ల సందులను, గోళ్లను సబ్బుతో కడుగవలెను. ఈ ఒక్క పని మరచినవారిని వారి అరచేతులే మరునాడు పట్టియిచ్చును. పది పదునైదు నిమిషములు ఆరినపిదప వదులైన ముదురురంగు దుస్తులు ధరింపవచ్చును. ఆరు మొదలు ఎనిమిది గంటల వరకు స్నానము, చెమట పట్టు పని కూడవు. వన్నె రెండు మూడు గంటలకు పొడచూపి, ఒక దినమునకు పూర్తిగా తేలును. మృతకణములు దినదినము రాలుచుండును గనుక ఐదు మొదలు పది దినములలో వన్నెయు వానితో కూడ రాలిపోవును. చార పడినచో కంగారు వలదు. గోరువెచ్చని నీటిలో నానబెట్టి గరుకుబట్టతో రుద్దుచు వచ్చినచో త్వరగా మాయమగును.

ఇక బొల్లిని గూర్చి. ఉర్దూలో దీనిని బర్స్ అనియు, సఫేద్ దాగ్ అనియు అందురు. ప్రపంచమున నూరుగురిలో ఒకరికి అటునిటుగా ఈ మచ్చలు కలవని అంచనా. మెలనిన్ తయారుచేయు కణములను శరీరపు రక్షణవ్యవస్థయే పొరపాటున నశింపజేయుట దీనికి కారణము. ఇది అంటుకొనదు. కుష్ఠువ్యాధితో దీనికి ఎట్టి సంబంధమును లేదు. అయినను 'తెల్లకుష్ఠు' అను తప్పు పేరు ఇంకను మన పల్లెలలో వినబడుచునే యున్నది. పాలు చేపలు కలిపి తినుటవలన వచ్చినదనియు, ఎవరి శాపముననో వచ్చినదనియు చెప్పుకొందురు. ఈ మాటల మూలమున కుదిరిన పెండ్లిండ్లు తప్పిపోవుట, ఇంటిలో పళ్లెము వేరుపరచుట జరుగుచున్నది. ఒక మచ్చ పుట్టిన అక్కకు కాక చెల్లెలికి ముందు వివాహము చేసిన ఇండ్లను మేమెరుగుదుము. వ్యాధి బాధించునది తక్కువ, మనుష్యులు బాధించునది ఎక్కువ.

దీనికి చికిత్స లేదనుటయు సరికాదు. ఇరుకైన పట్టీ యగు అతినీలలోహిత కాంతిచికిత్స, టాక్రోలిమస్ వంటి పైపూతలు, మచ్చ వ్యాపించుట ఆగిన తరువాత చేయు చర్మము అంటుకట్టుట మన దేశమునను కలవు. రుక్సోలిటినిబ్ అను లేపనమును అమెరికా 2022లో బొల్లికి అంగీకరించినది. హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులయందును, విశాఖపట్నమందలి కింగ్ జార్జి ఆసుపత్రియందును చర్మవ్యాధుల విభాగములు కలవు. అయితే చికిత్స నెలల కొలది సాగును. వ్రేళ్ల కొనలయందును పెదవుల మీదను తరచు ఫలింపదు. అట్టివారికి మచ్చను మరుగుపరచు సాధనముగా డి.హెచ్.ఏ. అక్కరకు వచ్చును. మచ్చయందు నశించినవి రంగు కణములే గాని కెరటిన్ కాదు. కావున డి.హెచ్.ఏ. అచటను యథాప్రకారము గోధుమవన్నె తేల్చును. పైన పూసి కప్పు రంగుక్రీములతో పోల్చినచో దీనియందలి గుణము స్పష్టము. అవి చెమటకు కరగును, చొక్కా కాలరుకు అంటును. దినమునకు ఐదు పర్యాయములు వజూ చేయు విద్యార్థికి అవి నిలువవు, మాటిమాటికి పూసికొనవలెను. డి.హెచ్.ఏ. వన్నె గోరింటవలె చర్మములోనే తేలును గనుక ఒక్క కడుగుకు పోదు, బట్టలకు అంటదు.

పరిమితులును చెప్పవలెను. ఇది మచ్చను మాన్పదు, మరుగుపరచును. చామనఛాయ వారికి లేత సీసా చాలదు. రెండు మూడు పూతలు, కొన్ని గంటల యెడముతో, వేయవలసి వచ్చును. మిక్కిలి నల్లని ఛాయతో పూర్తిగా కలియుట కష్టము. పూత మచ్చ యంచు దాటినచో చుట్టునున్న చర్మమును ముదిరి, తెల్లని మచ్చకు మారుగా నల్లని వలయ మేర్పడును. దూదితో పూయుట కంటె సన్నని కుంచెతో, అంచునకు వెంట్రుకవాసి లోపలనే ఆపుట మేలు. కాంతిచికిత్స పొందువారు డి.హెచ్.ఏ. వాడుచున్న సంగతి వైద్యునికి చెప్పితీరవలెను. ఆ వన్నె కొంత కాంతిని అడ్డగించి చికిత్స లెక్కను తప్పించును. మెలనిన్ లేని మచ్చ ఎండకు మిగిలిన ఒడలికంటె త్వరగా కమలును. కనుక వన్నె తేలిన తరువాతను బయటకు పోవునపుడు సన్‌స్క్రీన్ పూయుట మానరాదు. కొత్త మచ్చ కనిపించిన వెంటనే సీసా కొనుట తగదు. తెల్లమచ్చలన్నియు బొల్లి కావు. శిలీంధ్రమువలనను, కుష్ఠువ్యాధి తొలిదశయందును పాలిన మచ్చలు వచ్చును. వానికి మందు కలదు, ఆలస్యము చేసినచో నష్టమును కలదు. ముందు వైద్యుని చూడవలెను.

తెలుపు కోరువారికి కూడ ఒక్క మాట చెప్పక తప్పదు. వైద్యుని చీటీ లేకయే చేతులు మారు కొన్ని లేపనములలో బలమైన స్టెరాయిడ్లు ఉండును. మొదటి పక్షము ముఖము మెరయును. తరువాత చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, మొటిమలును వెండ్రుకలును మొలచును. మానినచో మంట, మానకున్న చేటు. కేంద్ర ప్రభుత్వము 2018లో పెక్కు స్టెరాయిడ్ లేపనములను చీటీ లేనిదే అమ్మరాదని నియమించినది. పేరు లేని డబ్బాలలో వచ్చు కొన్ని తెలుపు క్రీములలో పాదరసము కూడ దొరికినది. అది మూత్రపిండములను చెరచును. పాశ్చాత్యుల గోధుమవన్నె సీసాతో పోల్చినచో మన తెలుపు డబ్బాయే ఎక్కువ ప్రమాదకరమైనదని మేము నిస్సంకోచముగా చెప్పగలము. అది మృతకణముల పొర దాటదు. ఇది లోపలికి పోవును.

బొల్లికి డి.హెచ్.ఏ. వాడదలచువారు మొదట దుస్తుల మరుగున నుండు ఒక్క మచ్చ మీద పరీక్షించుట ఉచితము. రాత్రి పడుకొనుటకు ముందు పూసి, ఆరనిచ్చి, ఉదయమున కడిగి చూడవలెను. ఎన్ని పూతలకు ఎంత ఛాయ వచ్చినది, ఎన్ని దినములు నిలిచినది ఒక కాగితము మీద వ్రాసికొన్నచో రెండవ వారమునకే కొలత కుదురును. ముఖము మీద వన్నె ఐదారు దినములు నిలుచును. చేతివ్రేళ్ల కణుపుల మీద, నీరును సబ్బును తగులుచుండుటవలన, రెండు మూడు దినములకే వెలియును గనుక అచట వారమునకు రెండు పర్యాయములు పూయవలసి యుండును.